షాగన్‌లో ముడేసిన సంచులు

బల్జాన్‌కి మాట ఇవ్వడం మంచినీళ్ళు తాగినంత తేలిక. ఆ మాట నిలబెట్టడానికి నడుములు పడిపోయేది మాత్రం ఆమె జట్టులోని మిగతా ఏడుగురికి.

ఈసారి ఇచ్చిన మాట ఏమిటంటే, శనివారం పొద్దున ఎనిమిదింటికి పడవ పందేలు మొదలయ్యే వేళకి షాగన్ నది మీది కాలివంతెన కింద పుల్లముక్క కూడా తేలకూడదని. అది ఎవరి చెవిలోనో చెప్పిందా అంటే కాదు. పడవల షెడ్డులో పందెగాళ్ళందరి ముందూ, షెడ్డు పెద్ద మరాత్ కసీమొవిచ్ మొహం మీదే చెప్పింది.

"సరే," అన్నాడాయన చేతి గడియారం సర్దుకుంటూ. "పందెంలో ఎవడి తెడ్డుకైనా ఒక్క సంచి తగులుకుందో, ఆ నాలుగు ఎర్ర పడవలూ వెనక్కి లాగేసుకుంటా. బీచిలో అద్దెకి తిప్పుకుంటా. ఏడుపులూ బతిమాలడాలూ ఉండకూడదు మరి."

"లాగేసుకోండి. తగిలితే కదా!"

వెనకాల నుంచి ఆమె జట్టువాడు దియాస్ చొక్కా పట్టి లాగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"నోటికి కాస్త తాళం వేసుకోవచ్చుగా, కమాండర్!" అన్నాడు బయటికి రాగానే. "ఏరతాం అంటే సరిపోయేది. ఒక్కటి కూడా ఉండదని శపథం దేనికి?"

"ఏరతాం అంటే ఆయన వింటాడా? అసలు ఉండదంటేనే వింటాడు."

ఆ ఎర్ర పడవలు పందేలకు పనికిరావని మూలన పడేసినవి. ఇద్దరిద్దరు కూర్చునే కయాక్‌లు. మూడేళ్ళ కింద బల్జాన్ పదిహేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాటిని అడిగి తీసుకుంది. చిల్లులకు మాట్లు వేసి, రంగు పూసి, తోటి విద్యార్థుల్ని పోగేసి నదిలోకి దించింది. అప్పట్నుంచీ మంచు కరిగిన దగ్గర్నుంచి మళ్ళీ గడ్డకట్టేదాకా షాగన్ చెత్త వాళ్ళదే. ఓరల్ ఊళ్ళో వాళ్ళని పేర్లతో ఎవరూ పిలవరు, 'ఎర్ర పడవల పిల్లలు' అంటే చాలు. ఆ పడవలే పోతే వాళ్ళు గట్టు మీద నిలబడి చూసే నలుగురిలో కలిసిపోతారు. బల్జాన్‌కి ఆ ఊహే గిట్టదు.

సోమవారం సాయంత్రానికి వంతెన కింద అద్దంలా చేశారు. మూడు టైర్లు, చక్రాలు లేని పిల్లల బండి ఒకటి, లెక్కలేనన్ని సీసాలు, ఒక టీవీ కూడా తీశారు. ఆ టీవీని పడవ ముక్కు మీద పెట్టుకుని వస్తుంటే గట్టు మీద గాలాలేసుకున్న ముసలాళ్ళు "వార్తలేమైనా వస్తున్నాయా?" అని అడిగారు. "వస్తున్నాయి, మీకు ఇవాళ కూడా చేప పడదట!" అని దియాస్ జవాబు చెప్పాడు.

ఈ పనిలో చెత్త వెంట పరిగెత్తకూడదు. పడవని ప్రవాహానికి ఎదురుగా నిలుపుకుని కూర్చుంటే అదే వస్తుంది. ముందున్నవాళ్ళు పొడుగు కర్రకు కట్టిన వలతో దాన్ని అందుకుంటారు, వెనకున్నవాళ్ళు తెడ్డు నీళ్ళ మీద పరిచి పడవ ఒరగకుండా చూస్తారు. ఆశపడి పక్కకి వంగితే ఇద్దరికీ స్నానమే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మూతి ముడేసి ఉన్న సంచి దొరికితే విప్పకూడదు, అలాగే గోనెలో పడెయ్యాలి. పోయిన వేసవిలో దియాస్ ఒకటి విప్పితే అందులో చచ్చిన పిల్లి వచ్చింది. రెండు రోజులు వాడికి అన్నం సయించలేదు. ఆ రోజే బల్జాన్ ఈ కట్టుబాటు పెట్టింది.

మంగళవారం పొద్దున ఆరింటికి వచ్చి చూస్తే వంతెన కింద నీళ్ళు వెనక్కి తిరిగే మూలలో నాలుగు సంచులు. తెల్లవి, మూతి ముడేసినవి. పాప్లర్ చెట్ల దూది పైన పేరుకుని, హాయిగా గిరగిరా తిరుగుతున్నాయి.

ఏరేశారు. బుధవారం ఆరు.

"పగబట్టి వేస్తున్నార్రా ఎవరో," అంది బల్జాన్.

ఎవరో అంటూనే ఆమె చూపు వంతెన అవతలి కొసకి వెళ్ళింది. అక్కడ చువ్వలకి మాంసం గుచ్చి నిప్పుల మీద కాల్చి అమ్మే ఎర్మెక్ షష్లిక్ కొట్టు ఉంది. పొగ, మాంసం వాసన, రోజంతా జనం. రొట్టె చుట్టి ఇచ్చేది అచ్చం అలాంటి తెల్ల సంచుల్లోనే. ఇంకేం సాక్ష్యం కావాలి? ముక్కు మీదుండే కోపం నెత్తికెక్కింది. తడి బూట్లతో టపటపా మెట్లెక్కి వెళ్ళింది.

"ఎర్మెక్!"

కొట్టు ముందు ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాళ్ళు ఆగిపోయారు. తండ్రి వయసు మనిషిని 'ఎరెకె' అని గౌరవంగా పిలవాలి. ఇలా ఒట్టి పేరు పెట్టి అరవడం ఆ ఊళ్ళో చెంపదెబ్బ కొట్టడంతో సమానం.

"చెప్పు," అన్నాడు ఎర్మెక్ చువ్వలు తిప్పుతూ.

"నీ కొట్టు చెత్త ఏట్లో పారేస్తావా? మేం నీ జీతగాళ్ళమా రోజూ ఏరడానికి?"

"చూడమ్మాయ్, నా దగ్గర తిన్నవాడు ఎముక కూడా వదలడు. సంచిలో వేసి పారెయ్యడానికి మిగిలేదేముంది?"

జనం నవ్వారు. బల్జాన్ చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఆ సంచులెవరివి?"

ఎర్మెక్ మొహంలో నవ్వు పోయింది. ఏదో చెప్పబోయి మింగేశాడు. "రోజూ ఏరుకుపోతున్నావుగా. వాటిలో ఏముందో ఒక్కసారైనా చూశావా?"

"చెత్తలో చూసేదేముంటుంది?"

"అయితే చూశాకే రా," అని అతను మళ్ళీ చువ్వల వైపు తిరిగాడు.

గురువారం తెల్లవారుజామున బల్జాన్, దియాస్ ఎర్ర పడవని రెల్లులోకి తోసి కాపు కాశారు. అయిదింటికే ఎండ వచ్చేసింది. దోమలు వాళ్ళకి విందు చేసుకుంటున్నాయి.

"దొంగ దొరికితే ఏం చేద్దాం?" అన్నాడు దియాస్ గుసగుసగా, మెడ మీద చరుచుకుంటూ.

"సంచి తీసుకెళ్ళి వాడి గుమ్మంలోనే పెడతా. ఊరంతా చూడాలి."

వంతెన మీద అడుగుల చప్పుడైంది. ఒక ముసలామె వచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని, తొందరేమీ లేకుండా. నడివంతెన మీద ఆగి, చేతిలోని తెల్ల సంచిని నుదుటికి ఆనించుకుని, పెదాలు కదిపి, కమ్మీల మీదుగా వదిలింది. అది తపుక్కున నీళ్ళలో పడింది. ఆమె వెళ్ళిపోయింది. కాసేపటికి ఇంకో ఆమె. అదే వరస.

దియాస్ నోరు తెరిచాడు. "దొంగలు కాదే, బామ్మలు!"

మూడో ఆమెకి నీలం తలగుడ్డ. ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడుస్తోంది. ఆ నడక అల్లంత దూరం నుంచే బల్జాన్‌కి తెలుసు.

"మీ అజె కదూ?" అన్నాడు దియాస్. ఎగతాళి చెయ్యడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇప్పుడు మాత్రం నెమ్మదిగానే అన్నాడు.

బల్జాన్ రెల్లు పక్కకి తోసి చూసింది. అది వాళ్ళ నాన్నమ్మ కుల్యాషే. పొద్దున్నే గాలి కోసం నడిచొస్తానని చెప్పి రోజూ బయల్దేరే కుల్యాష్ అజె.

ఆమె దాటిపోయాక పడవ కదిలించారు. బల్జాన్ వలతో సంచిని అందుకుంది. పోయిన వేసవిలో పెట్టిన కట్టుబాటుని మొదటిసారి తనే తప్పి, ముడిని కత్తితో కోసింది.

రొట్టె. ఎండిపోయిన అంచులు, బ్రెడ్డు దిమ్మె చివరి ముక్క, నూనెలో వేయించిన బౌర్సాక్ ఉండలు ఒకటిన్నర. అంతే.

కాళ్ళ మధ్య చెత్త గోనె నోరు తెరుచుకుని ఉంది. సంచిని అందులో వెయ్యడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. చివరికి దియాస్ తన టోపీ తీసి పడవ ముక్కు మీద పరిచి, రొట్టెని దాని మీద పెట్టాడు. పడవలో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు.

"బల్జాన్," అన్నాడు. "మంగళవారం నాలుగు, నిన్న ఆరు. అంతకు ముందు మూడేళ్ళలో మిగతా చెత్తలో కలిసిపోయినవి ఎన్నో. అన్నీ మనం చెత్త బండికెక్కించాం."

బల్జాన్ చెత్త గోనె మూతి మూసి కాళ్ళ వెనక్కి తోసింది. నేల మీద రొట్టెముక్క కనబడితే తీసి గోడ మీద పెట్టి గాని ముందుకి నడవని పిల్ల ఆమె. బామ్మలు రొట్టెని చెత్తలో పారెయ్యలేక ఏటికి ఇచ్చారు. ఆ ఏట్లోంచి తీసి చెత్తలో పారేసింది తను.

ఇంటికెళ్ళేసరికి అజె పాల టీ కాచి కూర్చుంది.

"అజె, రొట్టె ఏట్లో ఎందుకు వేస్తున్నావు?"

"మరి ఎక్కడ వెయ్యమంటావు?" అజె కొంచెం కూడా తడబడలేదు. "పల్లెలో ఉన్నప్పుడు ఆవుంది, కుక్కుంది. ఈ అయిదో అంతస్తులో ఏముంది? చెత్తబుట్టలో వేస్తే నా చేతులు పడిపోతాయి. ఏరు మోసుకుపోతుంది, చేపలు తింటాయి."

"వేస్తే వెయ్యి, సంచిలో కట్టి ముడెయ్యడం దేనికి?"

"విడిగా వేస్తే వంతెన మీద గాలికి చెదిరి జనం కాళ్ళ కింద పడదూ? రొట్టెని తొక్కిస్తామా? ముడేస్తే గుట్టుగా నీళ్ళలో పడుతుంది. నీళ్ళలో అదే విచ్చుకుంటుంది."

బల్జాన్ తల పట్టుకుంది. ప్రతి మాటా సబబుగానే ఉంది, మొత్తం కలిపితే మాత్రం ఏరు నిండా సంచులు.

"అజె, ఎల్లుండి పందెం. అప్పటికి ఒక్క సంచి ఉన్నా నా పడవలు పోతాయి. మీ స్నేహితురాళ్ళకి చెప్పవా?"

"చెప్తాను. వాళ్ళ రొట్టెకి ఇంకో దారి చూపించు, చెప్తాను." అజె గిన్నె కింద పెట్టింది. "కానీ రేపు శుక్రవారం. పోయినవాళ్ళ పేరున నేను షెల్పెక్ రొట్టెలు ఏడు వేయిస్తాను. ఏడింట్లో ఆరు ఇరుగుపొరుగుకి, ఏడోది మీ తాతకి. ఆ ఏడోది మాత్రం ఏటికే వెళ్తుంది. అది నన్ను అడక్కు."

బల్జాన్ అడగలేదు. తాత తుర్సిన్ చేపలు పట్టేవాడు. నలభై ఒక్క ఏళ్ళ కింద, మార్చి నెలలో మంచు పలచబడ్డ వేళ షాగన్ దాటుతూ లోపలికి వెళ్ళిపోయాడు. మనిషి దొరకలేదు, సమాధి లేదు. అప్పట్నుంచి అజె నీళ్ళ దగ్గరికి దిగలేదు. వంతెన దాకా వస్తుంది, అంతే.

ముందు ఇంకో దారి చూడాలి. దారి ఉన్నది ఎక్కడో బల్జాన్‌కి తెలుసు. అందుకే కాళ్ళు ఈడ్చుకుంటూ వంతెన అవతలి కొసకి నడిచింది. నిన్న మెట్లు రెండేసి దూకుతూ ఎక్కిన పిల్ల ఇవాళ ఒక్కో మెట్టు మీదా ఆగింది. కొట్టు ముందు నిన్నటికన్నా ఎక్కువ జనం ఉన్నారు. నలుగురిలో పారేసుకున్న నోటిని నలుగురిలోనే సర్దుకోవాలి.

"ఎరెకె," అంది గట్టిగా, అందరికీ వినబడేట్టు. "చూశాను. తప్పు నాది. నిన్న మిమ్మల్ని అనరాని మాటన్నాను."

ఎర్మెక్ విసనకర్ర ఆపాడు. "ఏం చూశావు?"

"రొట్టె."

"ఊఁ." అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "మా అమ్మ పోయేదాకా ఇదే వంతెన మీంచి వేసేది. ఎవరు వేస్తున్నారో నేను నీకు చెప్తే, నువ్వు వెళ్ళి వాళ్ళ మీద కూడా అలాగే అరిచేదానివిగా?"

"అరిచేదాన్ని," ఒప్పుకుంది బల్జాన్.

"అదీ! అందుకే చెప్పలేదు. కూర్చో, ముందు తిను. తిట్టిపోయిన పిల్ల ఖాళీ కడుపుతో తిరిగెళ్తే నాకు పరువు తక్కువ."

తింటూనే విషయం చెప్పింది. ఎర్మెక్‌కి ఊరి చివర పద్ధెనిమిది గొర్రెలు, చెప్పిన మాట వినని బాతులు ఒక మంద ఉన్నాయి. ఎండు రొట్టె ఎంత ఇచ్చినా వద్దనవు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి వంతెన మొదట్లో స్తంభానికి రేకు పెట్టె బిగించారు. ఎర్మెక్ ముందు నడుం ఎత్తులో పెట్టబోతే బల్జాన్ ఒప్పుకోలేదు. "రొట్టె గుండె కన్నా కిందుంటే ఒక్క బామ్మ కూడా వెయ్యదు, ఎరెకె." భుజాల ఎత్తుకి జరిపారు. దానిమీద దియాస్ ఎర్ర రంగుతో 'రొట్టె' అని రాశాడు. చివరి అక్షరం దగ్గర రంగు కారింది.

శుక్రవారం పొద్దున కుల్యాష్ అజె ఫోన్ పట్టుకుని కూర్చుంది. యుద్ధం నడిపే సేనానికి కూడా అంత గొంతు ఉండదు. "ఒసే జమీలా, ఏట్లో వెయ్యొద్దు, పెట్టెలో వెయ్యి… సంచి కూడా వద్దు, గుడ్డలో తీసుకురా… ఎందుకా? నేను చెప్తున్నాను కనుక!" మధ్యాహ్నానికి పెట్టె సగం నిండింది. వంతెన కింద ఒక్క సంచీ లేదు.

ఏడో షెల్పెక్ మిగిలింది. అజె దాన్ని సంచిలో పెట్టి ముడెయ్యబోతుంటే బల్జాన్ ఆ చెయ్యి పట్టుకుంది.

"అజె, ఇది వంతెన మీంచి వద్దు. నేను తీసుకెళ్తాను, నీతో పాటే. పడవలో."

"పిచ్చా నీకు?"

"నా పడవలో నువ్వు మునుగుతావా? మూడేళ్ళుగా ఆ ఏట్లో నాకు తెలియని రాయి లేదు."

అజె కిటికీలోంచి బయటికి చూసింది. "నీ దగ్గర నా కొలత జాకెట్ ఉందా?" అంది.

ఉంది. నారింజ రంగు లైఫ్ జాకెట్ వెల్వెట్ చొక్కా మీద వేసి బకిల్స్ బిగిస్తుంటే అజె నోరు ఊరుకోలేదు. "ఇది వేసుకుంటే పెళ్ళిగుర్రంలా ఉన్నాను. ఎవడైనా ఫోటో తీస్తే చంపేస్తా." దియాస్ మోకాల్లోతు నీళ్ళలో నిలబడి పడవని రెండు చేతులా పట్టుకున్నాడు. బల్జాన్ వెనక కూర్చుని తెడ్డు నీళ్ళ మీద పరిచింది. అజె 'బిస్మిల్లా' అనుకుంటూ కూర్చుంది. పడవ ఒక్కసారి ఊగి నిమ్మళించింది.

నది మధ్యకి వచ్చాక బల్జాన్ పడవని ప్రవాహానికి ఎదురు తిప్పి నిలిపింది. అజె ముందు నీళ్ళకేసి చూడలేదు. తర్వాత చూసింది. తర్వాత ఒక వేలు ముంచింది. తర్వాత అరచెయ్యి మొత్తం.

"చల్లగా ఉన్నాయి," అంది.

షెల్పెక్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కోటీ చేత్తో నీళ్ళలో పెట్టసాగింది, చంటిపిల్లాడికి తినిపిస్తున్నట్టు. ముక్క ఇలా తేలిందో లేదో కింద నుంచి చిన్న చేపలు వచ్చి లాక్కుపోయాయి. అజె కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె ఇంతవరకూ అది చూడలేదు.

తిరిగొస్తుంటే గట్టు వారన వేర్ల చిక్కులో తెల్లగా ఏదో కనబడింది. బల్జాన్ చూడనట్టే దాటించేయబోయింది గాని అజె చూసేసింది. "అటు పోనీ."

పిల్లలెవరి వలకీ అందని చోట ఇరుక్కున్న సంచి. ఎన్నాళ్ళదో, నాచు పట్టింది. మూతికి రెండు మెలికలు వేసి చివర లోపలికి దోపిన ముడి. ఆ ముడి వేసేది ఇంట్లో ఒక్కరే. అజె దాన్ని ఒళ్ళో పెట్టుకుని తడిమింది. ముడి అలాగే ఉంది. లోపల రొట్టె మురిగి నల్లబడింది.

"విచ్చుకోలేదు," అంది అజె.

బల్జాన్ తెడ్డు వేర్లకి ఆనించి పడవని నిలిపింది.

"ఈ సంచులొచ్చినప్పట్నుంచీ ఇలాగే ఇచ్చానన్నమాట. మూతి కట్టేసి." కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి జారాయి, తుడుచుకోలేదు. "మనిషిని ఆకలితో ఉంచానే, ఐనలాయిన్, నా బంగారూ."

"ఇవాళ పెట్టావుగా, అజె. నీ చేత్తో పెట్టావు."

అజె గోళ్ళతో, పళ్ళతో తన ముడి తనే విప్పింది. రొట్టెని నీళ్ళకి వదిలింది. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంది. గట్టు చేరేదాకా ఆమె చెయ్యి నీళ్ళలోనే ఉంది.

శనివారం ఏడున్నరకే ఏటి గట్టు కిటకిటలాడింది. ఎర్ర పడవలు నాలుగూ వంతెన కింద బారు తీరాయి. బల్జాన్ వల పట్టుకుని మొదటి పడవలో కూర్చుంది. నీళ్ళ మీద పాప్లర్ దూది తప్ప ఏమీ లేదు. వంతెన మీద కుల్యాష్ అజె కర్ర పట్టుకుని కాపలా కాస్తోంది.

"ఎనిమిదికి పది నిమిషాలు," అన్నాడు దియాస్. "ఇంక ఎవరొస్తారు?"

వచ్చారు. గడియారం చూసుకుంటూ, వడివడిగా నడుస్తూ, మెడలో విజిల్‌తో మరాత్ కసీమొవిచ్. నడివంతెన మీద ఆగాడు. అటూ ఇటూ చూసి కోటు జేబులోంచి ఒక తెల్ల సంచి తీశాడు. మూతి ముడేసిన సంచి.

బల్జాన్ వల ఎత్తి, ఆ సంచి ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ పట్టుకుని కూర్చుంది.

ఆయన చెయ్యి కమ్మీ దాటేలోపు అజె కర్ర ఆ చేతికి అడ్డం పడింది.

"మరాత్! మీ అమ్మ పంపిందా?"

అంత పెద్దమనిషీ బడిపిల్లాడిలా నీళ్ళు నమిలాడు. "అవును, అపా… రోజూ దారిలో వేసి పొమ్మంటుంది. చెత్తలో వేస్తే ఊరుకోదు. నాకేమో…" కిందికి చూశాడు. వల కనబడింది. వల వెనక బల్జాన్ కనబడింది. గడియారం ఉన్న చెయ్యి నెమ్మదిగా వెనక్కి వచ్చింది.

"ముడి విప్పు," అంది అజె. "రొట్టె ఆ పెట్టెలో వెయ్యి. ఎర్మెక్ గొర్రెలు తింటాయి. సంచి జేబులో పెట్టుకో."

విప్పాడు. వేశాడు. పెట్టుకున్నాడు. గట్టు మీద జనం అంతా చూస్తూనే ఉన్నారు.

"ఇంకో మాట," అంది అజె. "వచ్చే శుక్రవారం ఆ ఎర్ర పడవ నాకు కావాలి. ఆ తర్వాతి శుక్రవారం కూడా. మా ఆయనకి అన్నం పెట్టాలి. వాటిని ఎటో పంపించేస్తావని విన్నానే?"

మరాత్ కసీమొవిచ్ విజిల్ నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. కింద బల్జాన్ వల దించలేదు. ఆయన మెడ సవరించుకుని కమ్మీ మీదుగా వంగాడు.

"అమ్మాయ్," అన్నాడు. "మా నాన్న కూడా ఈ ఏట్లోనే… శుక్రవారం మా అమ్మకి చోటుంటుందా?"

బల్జాన్ వల దించి పడవ ముక్కు కేసి చూసింది.

"జాకెట్ కొలత ఎంతో కనుక్కోండి," అంది.